గాఫ్ మీద ఆరేసిన బట్టలు

శనివారం పొద్దున ఎనోస్ పెట్టుకున్న పని చాలా చిన్నది. కోకో టీ తాగకముందే ఒడ్డుకు వెళ్ళి, తన కొత్త పడవ మీద గాఫ్‌ను ఒక్కసారి పైకెత్తి, ఒక్కసారి కిందికి దించి, అది స్తంభం మీద నున్నగా జారుతోందని చూసుకుని, ఇంటికొచ్చి నాలుగు మెతుకులు తినాలి. అంతే. ఈ ముక్క ఆ సాయంత్రం దాకా కనపడ్డ ప్రతివాడికీ చెప్పాడు. ఒక్కడూ నమ్మలేదు.

గాఫ్ అంటే మా తాతల నాటి పడవల మీద తెరచాప పైఅంచును ఏటవాలుగా ఎత్తి పట్టుకునే వాసం. దాని ఒక కొసన రెండు చెక్క దవడలుంటాయి. అవి స్తంభాన్ని కరుచుకుని పైకీ కిందికీ జారతాయి. ఎత్తడానికి రెండు తాళ్ళు కావాలి: దవడల దగ్గర ఒకటి, అవతలి కొసకు ఒకటి. ఇప్పటి పడవలకు ఈ తంటా లేదు, మూడు మూలల తెరచాప ఒక్క తాడుతో పైకి పోతుంది. అందుకే మా కారియకూ దీవిలో గాఫ్ పడవ కట్టినవాడు ఒక తరం నుంచీ లేడు. ఈ మధ్యే మళ్ళీ జనానికి పాత పడవల మీద మోజు పుట్టింది. ఈ ఆగస్టు పందాల్లో గాఫ్ పడవలకు విడిగా పోటీ కూడా పెడుతున్నారు. పక్క దీవులవాళ్ళు పాతవి బాగుచేసుకుని, కొత్తవి కట్టుకుని సిద్ధంగా ఉన్నారు. పడవలకు పుట్టిల్లు మాదేనని రొమ్ము విరుచుకునే మా ఊరు విండ్‌వర్డ్‌లో మాత్రం ఉన్నది ఒకే ఒక్క గాఫ్ పడవ. అదీ మూడేళ్ళుగా ఒడ్డున గుంజల మధ్య నిలబడే ఉంది.

మూడేళ్ళు ఎందుకంటే, కడుతున్నది ఎనోస్ కాబట్టి. తన పడవ మీద ఇంకొకడి సుత్తి దెబ్బ పడకూడదని అతని పంతం. వేసిన పలక నచ్చకపోతే ఊడదీసేవాడు. నచ్చినా, పక్కదానికి సరిపోలేదని ఊడదీసేవాడు. ఊరంతా పడవ నీళ్ళలోకి దిగాకే స్తంభం నిలబెడితే, ఇతను ఒడ్డునే నిలబెట్టాడు, గాఫ్ జారుడు ముందే చూసుకోవాలని. నీళ్ళలోకి ఎప్పుడయ్యా అంటే ఈస్టర్ తర్వాత అన్నాడు, ఈస్టర్ అయ్యాక వానల తర్వాత అన్నాడు, వానలు వెలిశాక కార్నివాల్ తర్వాత అన్నాడు. పందెం ఇంకో పది రోజులుందనగా, శుక్రవారం మధ్యాహ్నం భోజనం దగ్గర భార్యతో తేల్చి చెప్పేశాడు: "ఈ ఏడాదికి అందదు. వచ్చే ఏడాది చూద్దాం."

యూలాలీ అతని కంచంలో ఇంకో చేపముక్క వేసింది. ఆ పడవకు తెరచాప కుట్టింది ఆమే. కుట్టి ఏడాదిన్నర దాటింది. అది మంచం కింద చుట్టగా పడి ఉంటే దాని మీద పిల్లి రెండుసార్లు పిల్లల్ని పెట్టింది.

నిజం చెప్పాలంటే మిగిలిన పని కూడా పెద్దది కాదు. కుడివైపు అడుగున రెండు పలకల సందులకు ఇంకా దూది కుక్కి తారు పుయ్యలేదు. ఆ సందుల్లోంచి చెయ్యి పోదు గానీ సముద్రం పోతుంది. ఎనోస్ లెక్కలో దానికి మూడు వారాలు పడుతుంది.

ఆ పొద్దున గాఫ్ పడవ మీద అడ్డంగా, నడుమెత్తున వేలాడుతూ ఉంది. ఎనోస్ నిచ్చెనెక్కి, తాళ్ళు అందుకుని, చూపు దవడల మీదే పెట్టి లాగడం మొదలుపెట్టాడు. అతని చూపు ఒక పని మీద ఉందంటే పక్కన కొంప తగలబడుతున్నా కనపడదు. ఆ దవడల్ని వెంట్రుక దూరే సందు కూడా లేకుండా చెక్కానని ఊరంతా చెప్పుకున్నాడు. సందు లేదన్నది నిజమే. గాఫ్ స్తంభం చివరిదాకా వెళ్ళి, కిర్రుమని మూలిగి, అక్కడే ఆగిపోయింది.

కొస తాడు వదిలితే వాసం వచ్చి నెత్తిన పడుతుందని దాన్ని బిగించి కట్టేసి, దవడల తాడు మెల్లగా వదిలాడు. గాఫ్ దిగలేదు. తాడు మొత్తం వదిలేసినా దిగలేదు. కింది నుంచి గుంజాడు, ఊపాడు, తిట్టాడు. అప్పుడు గానీ దవడల మీద నుంచి చూపు పక్కకు తిప్పలేదు.

గాఫ్ పొడవునా బట్టలు. యూలాలీ ఎర్ర లంగా, పసుపుపచ్చ బల్లగుడ్డ, నీలం పూల దుప్పటి, గులాబీ రంగు దుప్పటి, చర్చిలో పాడేటప్పుడు వేసుకునే తెల్ల అంగీ, అన్నిటికీ చివర ఎనోస్ ఆకుపచ్చ నిక్కరు. తూర్పుగాలికి అన్నీ రెపరెపలాడుతున్నాయి.

"యూలాలీ!"

ఇల్లు ఒడ్డుకు ఎదురుగానే. ఆమె చేతిలో కప్పుతో గుమ్మంలోకి వచ్చింది. "ఏంటా కేకలు? ఎవరన్నా పోయారనుకుంటారు."

"నా గాఫ్ మీద ఈ బట్టలేంటి?"

"ఆరేశాను. దండెం తాడు తెగింది. నీ వాసం ఖాళీగా పడుంది కదా అని."

"పడవ మీద గుడ్డ ఎగిరితే మనూళ్ళో అర్థమేంటో నీకు తెలీదూ?"

"ఎగరేసింది నువ్వు. నేను నడుమెత్తున ఆరేశాను."

ఎనోస్ మళ్ళీ తాడు గుంజాడు.

విండ్‌వర్డ్‌లో పడవ నీళ్ళలోకి దిగే రోజును ఎవరూ నోటితో చెప్పరు. చెబితే దిష్టి. తెల్లారేసరికి యజమాని పడవ మీద రంగు గుడ్డలు ఎగరేస్తాడు. అవి చూసి జనం పిలవకుండానే గుండిగలు, గొడ్డళ్ళు, డప్పులు, రమ్ము సీసాలతో వచ్చేస్తారు. "ఇవాళేనా?" అని ఎవరైనా అడిగితే యజమాని మొహం అమాయకంగా పెట్టి "అబ్బే, ఇవాళ కాదు" అనాలి. అది మర్యాద. అడిగినవాళ్ళు నవ్వుకుని పొయ్యి రాజేసుకోవాలి. అదీ మర్యాదే.

మొదట వచ్చింది టాంటీ పెర్పెట్. ఎనోస్ తల్లికి అక్క. ఊళ్ళో సగం పడవలకు పేరు పెట్టిన జ్ఞానతల్లి, మిగతా సగానికి పిలవలేదని అలిగిన మనిషి. ఒక చేతిలో కర్ర, రెండో చేతిలో తాడు, తాడు చివర పొట్టేలు.

"ఒరేయ్ ఎనోసూ, లంగా ఎగరేశావేంట్రా? జెండాలు కొనడానికి చేతులు రాలేదా?"

"పెద్దమ్మా, ఇవాళ కాదు!"

"అలాగే అనాలి నాయనా. మీ నాన్న అనేటప్పుడు మొహంలో నవ్వొచ్చేసేది. నీది అచ్చం ఏడుపుగొట్టు మొహంలాగే ఉంది. బాగుంది."

"నిజంగానే కాదు పెద్దమ్మా! అవి ఉతికి ఆరేసిన బట్టలు! గాఫ్ ఇరుక్కుంది!"

ఆమె పొట్టేలు వైపు తిరిగింది. "విన్నావా? ఎంత బాగా అల్లుతున్నాడో."

ఆ తర్వాత యూలాలీ తమ్ముడు రూఫస్ భుజాన గొడ్డలితో వచ్చాడు. రూఫస్‌కు ఇంజను పెట్టిన ప్లాస్టిక్ పడవ ఒకటుంది. ఎనోస్ దాన్ని సబ్బు డబ్బా అంటాడు. ఎనోస్ పడవను రూఫస్ ప్రదర్శనశాల అంటాడు. రూఫస్ నడుము మీద చేతులు పెట్టుకుని పైకి చూశాడు.

"బావా, ఆ చివరనున్న పచ్చ జెండా ఏ దేశానిది?"

"అది నా నిక్కరు."

"ఆ దేశం పేరు ఎప్పుడూ వినలేదే. మనతో స్నేహంగానే ఉంటారా?"

"నోర్మూసుకుని తాడు పట్టు. ఎవడూ నమ్మట్లేదు. ఇది కిందికి దిగితే గానీ ఈ జనం ఆగరు."

రూఫస్ దవడల తాడు పట్టుకుని కోతిలా వేలాడాడు. అతని మీద ఎనోస్ వేలాడాడు. అప్పటికే వచ్చిన మరో నలుగురు, ఇదేదో ఆచారం కాబోలనుకుని వాళ్ళ మీద వేలాడారు. దవడలు ఇంకాస్త గట్టిగా కరుచుకున్నాయి. ఎవడో కొస తాడు ముడి మీద చెయ్యి వేస్తే ఎనోస్ కస్సుమన్నాడు. "దాని జోలికి వెళ్ళావంటే వాసం నీ బుర్ర మీద పడుద్ది, వదులు!" ఇంకొకడు స్తంభం ఎక్కబోయాడు. స్తంభానికి రాత్రే నూనె పూసి ఉంది. రెండు బారలు ఎక్కి మూడు బారలు జారాడు.

ఈలోగా ఒడ్డు నిండిపోయింది. మూడు రాళ్ళ పొయ్యిలు లేచాయి. ఒక గుండిగలో కందులు, అన్నం, ఒకదాంట్లో కొబ్బరిపాలలో సీమపనస, ఒకదాంట్లో ఇంకా ఏమీ లేదు గానీ దాని పక్కన కూర్చున్న ఆవిడ పొట్టేలు వైపు ఆశగా చూస్తోంది. ఎనోస్ ఒక్కో పొయ్యి దగ్గరికీ వెళ్ళి, చేతులు జోడించి, "అమ్మా, ఇవాళ కాదు, పడవ కింద సందులున్నాయి, మునుగుద్ది" అని చెప్పాడు. ఆడవాళ్ళు "ఔనౌను, కాదు, అస్సలు కాదు" అని ముసిముసిగా నవ్వుతూ ఉల్లిపాయలు తరిగారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినా కనీసం అతను మొహం చూసి అడుగుతాడు, ఏం కొరుకుతున్నావని. వీళ్ళు అదీ అడగలేదు.

చివరికి ఎనోస్‌కు ఒక ఉపాయం తట్టింది. కాదంటే ఔననుకుంటున్నారు కదా, ఔనంటే కాదనుకుంటారేమో! ఒక ఖాళీ పీపా ఎక్కి, ఉన్న గొంతంతా తెచ్చుకుని అరిచాడు. "ఔను! ఇవాళే! ఇప్పుడే దించేస్తున్నా! వింటున్నారా?"

జనం చప్పట్లు కొట్టారు. డప్పులవాళ్ళు డప్పులు అందుకున్నారు. టాంటీ పెర్పెట్ ఒక్కతే లేచి నిలబడి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"నోటితో చెప్పేశాడు! దిష్టి తగిలిపోతుంది! పొట్టేలును తొందరగా కానివ్వండ్రా!"

ఎనోస్ పీపా దిగి అటు పరిగెత్తేవాడే. కానీ సరిగ్గా అప్పుడే భుజం మీద ఒక చెయ్యి పడింది. ఫాదర్ అంబ్రోజ్. తెల్ల అంగీ, చంకలో చిన్న పెట్టె, మొహం నిండా నిష్ఠూరం.

"ఎనోస్, దీవెన లేకుండానే దించేద్దామనుకున్నావా? లేక అవతలి మెథడిస్టు చర్చివాళ్ళను పిలిచావా?"

"అయ్యో ఫాదర్, ఎవర్నీ పిలవలేదు! దించట్లేదు!"

"నాకు ఒంటిగంటకు హిల్స్‌బరోలో పెళ్ళి ఉంది. బస్సు మలుపు తిరగ్గానే నీ జెండాలు కనిపించాయి. మనసొప్పక దిగిపోయాను. నీకు నా మీద ఏం కోపం నాయనా?"

ఇక మాటలతో లాభం లేదనుకున్నాడు ఎనోస్. ఫాదర్ చెయ్యి పట్టుకుని పడవ కిందికి లాక్కెళ్ళి, కుడివైపు అడుగున ఆ రెండు సందులూ చూపించాడు. ఫాదర్ మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. చిటికెన వేలు పెట్టి చూశాడు. వేలు గోరు దాకా దిగింది.

"నిజంగానే ఇవాళ కాదన్నమాట" అన్నాడు మెల్లగా.

ఆ మాటకు ఎనోస్‌కు ఏడుపొచ్చింది. పొద్దున్నుంచీ తన మాట నమ్మిన మొదటి మనిషి. "మీరు చెప్పండి ఫాదర్. మీరు చెబితే వింటారు."

"చెబుతాను పద" అని ఫాదర్ లేచాడు. అతను లేచేసరికి డప్పులు ఆగిపోయాయి. ఒక్కసారి పొట్టేలు అరిచింది. ఆపైన అరవలేదు. ఇద్దరూ పడవ ముందువైపుకు వచ్చి చూస్తే, మొనకు అడ్డంగా ఎర్రటి చార, దాని కింద టాంటీ పెర్పెట్ తృప్తిగా చెయ్యి తుడుచుకుంటోంది.

ఫాదర్ నిట్టూర్చాడు. "ఇక నేను చెప్పేదేం లేదు."

మొనకు నెత్తురు తగిలిన పడవ ఆ పొద్దు వాలేలోగా నీళ్ళు తాకాలి. తాకకపోతే అది ఒడ్డుకే దక్కిందని లెక్క. దాని మీద తాడు పట్టడానికి ఆ తర్వాత మనిషి దొరకడు. పోనీ దించితే? దించిన రోజే నీళ్ళు తాగి మునిగిన పడవలో అడుగుపెట్టేవాడు ఇంతవరకూ మా దీవిలో పుట్టలేదు. గాఫ్ పడవకు నలుగురైదుగురు లేనిదే తెరచాప లేవదు. దించితే మునుగుతుంది, దించకపోతే ఎండుతుంది. ఎటుపోయినా మూడేళ్ళ కష్టం పొయ్యిలోకే.

ఎనోస్ ఇసకలో చతికిలబడ్డాడు. కొండల్లో ఏ చెట్టు వంపు ఏ పక్కటెముకకు సరిపోతుందో వెతుక్కుంటూ తిరిగిన రోజులన్నీ గుర్తొచ్చాయి. ప్రతి పలకనూ చేత్తో తడిమి తడిమి పెట్టాడు. ఇప్పుడు ఒక ఆకుపచ్చ నిక్కరు వల్ల అంతా పోతోంది. దుఃఖం వచ్చింది, దుఃఖం కంటే ఎక్కువగా ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలియక మరీ మండింది.

యూలాలీ వచ్చి చేతిలో వేడి రొట్టె, ఉప్పుచేప పెట్టింది. "తిను."

"నీ దుప్పట్లు నా కొంప ముంచాయి."

"ఇంకా మునగలేదుగా. ఉన్నవి రెండు సందులు. ఇక్కడ ఊరు ఊరంతా ఉంది."

"నా పడవ మీద ఇంకొకడి సుత్తి దెబ్బ పడలేదు యూలాలీ."

"అందుకే మూడేళ్ళయింది."

ఎనోస్ రొట్టె నమిలాడు. మింగాడు. సూర్యుడి వైపు చూశాడు. తర్వాత లేచి, పన్ను పీకించుకోబోయేవాడి మొహం పెట్టుకుని జనం ముందుకు వెళ్ళాడు.

"సుత్తి చేతబట్టడం వచ్చినవాళ్ళు రండి. రానివాళ్ళు దయచేసి రాకండి."

అందరూ వచ్చారు.

ఆ తర్వాత జరిగినదాన్ని పని అనాలో దాడి అనాలో తెలియదు. పడవ కింద దూరినవాడల్లా మేస్త్రీయే. ఒకడు దూది పొడిగా కుక్కాలంటాడు, ఒకడు తడిపి కుక్కాలంటాడు, ఇద్దరూ ఒకే సందులో రెండు వైపుల నుంచి మొదలుపెట్టి మధ్యలో కొట్టుకున్నారు. రూఫస్ ఇంజను నూనె తెచ్చి తారులో కలిపితే బాగా పట్టుకుంటుందన్నాడు. ఎనోస్ ఆ డబ్బాను తన్నాడు. సగం పనిలో దూది అయిపోయింది. టాంటీ పెర్పెట్ తన తలగడ తెప్పించి చింపించింది. దాంట్లోంచి దూదితో పాటు ఆమె పోయిందనుకున్న ఉంగరం కూడా బయటపడింది. దాన్ని దాచింది ఎవరన్న దాని మీద కాసేపు పని ఆగింది. ఫాదర్ అంబ్రోజ్ అంగీ నడుముకు చుట్టుకుని, వెల్లకిలా పడుకుని, సుత్తి పట్టుకున్నాడు. ఒక్కో దెబ్బకూ ఒక్కో పునీతుడి పేరు చెబుతూ కొట్టాడు. రెండుసార్లు వేలి మీద పడినప్పుడు మాత్రం వేరే మాటలు చెప్పాడు.

ఎనోస్ ఒక్కొక్కరి వెనకే పాకుతూ, "అంత గట్టిగా కాదు, పలక చీలుద్ది! ఇంత మెత్తగా కాదు, ఊడిపోద్ది! ఎవడు కొట్టాడిది? ఎవడు కొట్టాడని అడుగుతున్నా!" అని అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. గొంతు పోయాక పని వేగం పెరిగింది.

పెళ్ళివాళ్ళు ఫాదర్‌ను వెతుక్కుంటూ రెండు బస్సుల్లో వచ్చారు. ఫాదర్ పడవ కిందనుంచి తలొక్కటే బయటపెట్టి "పడవ దిగాక" అన్నాడు. పెళ్ళికొడుకు కోటు విప్పి, సంతోషంగా తాడు పట్టుకున్నాడు. పెళ్ళికూతురు తెల్ల గౌను ఎత్తిపట్టుకుని గుండిగ పక్కన నిలబడింది. ఒడ్డున ఎనోస్ కంటే కోపంగా ఉన్న మనిషి ఆ పూట ఆమె ఒక్కతే.

సూర్యుడు వాలుతుండగా తారు పూత అయిపోయింది. స్తంభం కొస నుంచి వేలాడే తాళ్ళను రెండువైపులా పట్టుకున్నారు. రూఫస్, మరో ఐదుగురు సముద్రం వైపు గుంజల్ని గొడ్డళ్ళతో నరికారు. పడవ ఒక్కసారి వణికి, తాళ్ళు పట్టుకున్నవాళ్ళను కాస్త ఈడ్చి, దుంగల మీద మెత్తగా పక్కకు ఒరిగింది. టాంటీ పెర్పెట్ వెనకభాగం మీద కప్పిన గోనెపట్టా లాగేసింది. కింద ఎనోస్ ఎప్పుడో రాసుకున్న పేరు బయటపడింది: "ఓర్పు". జనమంతా ఎనోస్ వైపు చూశారు. యూలాలీకి దగ్గు వచ్చింది.

"హైలెస్సా!" అని ఒకడు ఎత్తుకున్నాడు. ఊరంతా అందుకుంది. పెళ్ళికొడుకూ, పెళ్ళివాళ్ళూ, గరిటెలు పక్కన పడేసి వంటవాళ్ళూ లాగారు. మూడేళ్ళుగా ఒడ్డు దాటని ఎనోస్ పడవ దుంగల మీద దొర్లి, ఇసక దాటి, నురగ దాటి, నీళ్ళలో తల ఎత్తి నిలబడింది.

ఎనోస్ దాంట్లోకి గెంతి, అడుక్కి దిగి, మోకాళ్ళ మీద పాకుతూ రెండు సందుల పొడవునా చెయ్యి వేసి చూశాడు. తడి లేదు. మళ్ళీ చూశాడు. ముక్కు పెట్టి చూశాడు. నీళ్ళు ఎక్కడైనా కారితే బాగుండునన్నట్టు వెతికాడు. లేదు. అతను పైకొచ్చేసరికి వెనకే పడవెక్కిన ఫాదర్ మొన దగ్గర పవిత్రజలం చల్లుతున్నాడు, యూలాలీ వెనక చుక్కాని దగ్గర నిలబడి ఉంది, ఒడ్డు అంతా కేరింతలు కొడుతోంది, ఆ ఒడ్డు దూరమవుతోంది.

దూరమవుతున్నది ఎందుకంటే గాఫ్ ఇంకా పైనే ఉంది. రెండు దుప్పట్లూ, ఒక బల్లగుడ్డా, ఒక లంగా నిండా తూర్పుగాలి పట్టుకుని ఓర్పును నెమ్మదిగా, తిన్నగా, ఎదురుగా నీళ్ళలో ఉన్న పగడపు దిబ్బ వైపు తీసుకెళుతున్నాయి.  గాలి కాస్త పెరిగితే చాలు, వెళ్ళి దానికి కొట్టుకుంటుంది.

రూఫస్ తన ఇంజను పడవను పక్కకు తెచ్చాడు. "బావా! తాడు వెయ్యనా? సబ్బు డబ్బా లాక్కొస్తుంది!"

"ముందు నన్ను చంపు, తర్వాత వెయ్యి!" అన్నాడు ఎనోస్ లేని గొంతుతో. దవడల తాడు పట్టుకుని వేలాడాడు. ఫాదర్ కూడా వచ్చి వేలాడాడు. దవడలు కదల్లేదు. దిబ్బ మీద విరుగుతున్న అలల చప్పుడు వినపడుతోంది.

"కాస్త జరగండి ఫాదర్" అంది యూలాలీ.

ఆమె వచ్చి, పొద్దున్నుంచీ ఎనోస్ ఎవర్నీ ముట్టుకోనివ్వని కొస తాడు ముడి విప్పింది. ఒక మూర వదిలింది. పైన వాసం కొస వంగింది, దవడలు ఒక్కసారి నిట్టూర్చి పట్టు వదిలేశాయి. ఆమె రెండు తాళ్ళూ కలిపి వదులుతుంటే గాఫ్ వెన్నలో కత్తిలా జారుతూ కిందికి దిగింది. దుప్పట్లు వచ్చి ఎనోస్ నెత్తిన పడ్డాయి.

"లంగరు వదలండి ఫాదర్" అంది. ఫాదర్ వదిలాడు. పడవ ఆగింది.

ఎనోస్ దుప్పట్లోంచి బయటికి రావడానికి కాస్త సమయం తీసుకున్నాడు. ఆ దుప్పటికి సబ్బు వాసన లేదు. పెట్టెలో వేసే కర్పూరం ఉండల వాసన ఉంది. అతను దాన్ని ఇంకోసారి వాసన చూశాడు. బయటికి వచ్చేసరికి యూలాలీ మొన కింది అరలోంచి తెరచాప చుట్ట లాగుతోంది. అది మంచం కింద ఉండవలసిన తెరచాప.

"ఆ గాఫ్ దింపడం నీకెలా తెలుసు?" అన్నాడు.

"మా నాన్న గాఫ్ పడవలోనే పెరిగాను. పైగా నిన్న నువ్వు చేపల వేటకు వెళ్ళినప్పుడు ఒకసారి ఎత్తి చూశాను. ఇలాగే ఇరుక్కుంది. అప్పుడూ ఇలాగే దించాను."

"మరి పొద్దున్నుంచీ నోరు విప్పలేదేం? ఊరంతా తాడు పట్టుకుని వేలాడుతుంటే చూస్తూ కూర్చున్నావా?"

"విప్పితే బట్టలు దించేసేవాడివి."

ఫాదర్ అంబ్రోజ్ ఆకాశం వైపు చూస్తూ, తాను పెళ్ళికి ఆలస్యమైన మనిషినని, ఇంకేమీ వినలేదని అన్నాడు.

  ఎనోస్ వచ్చి తెరచాప రెండో కొస పట్టుకున్నాడు. ముగ్గురూ కలిసి దాన్ని గాఫ్‌కు కట్టారు. రూఫస్ తన పడవకు లంగరు వేసి ఇందులోకి గెంతి, అడక్కుండానే ఒక తాడు పట్టుకున్నాడు. గాఫ్ లేచింది. యూలాలీ చెప్పినట్టు రెండు తాళ్ళూ సమంగా లాగితే స్తంభం చివరిదాకా కిర్రుమనకుండా వెళ్ళింది. తెరచాప ఒకసారి పటపటలాడి, గాలి నిండి, బిగిసింది. ఫాదర్ లంగరు పైకి లాగాడు. ఓర్పు తల తిప్పి, దిబ్బకు వీపు చూపించి, అఖాతం మీద పరుగెత్తింది.

విండ్‌వర్డ్ ఒడ్డున ముసలివాళ్ళు టోపీలు తీసి పట్టుకున్నారు. ఆ నాలుగు మూలల తెరచాపను ఆ నీళ్ళ మీద చూసి వాళ్ళకు చాలా ఏళ్ళయింది, పిల్లలైతే ఎన్నడూ చూడలేదు. ఎనోస్‌కు కళ్ళు నిండాయి. తుడుచుకోలేదు, చేతులు ఖాళీగా లేవు. తన పడవ ఇంత తేలిగ్గా నడుస్తుందని అతనికి తెలియదు. సంతోషం పట్టలేక చుక్కాని దగ్గరున్న భార్యను చూసి చిన్నపిల్లవాడిలా నవ్వాడు.

"మరి సోమవారం కాక ఆపై సోమవారం పందానికి వెళుతున్నట్టేనా?" అంది యూలాలీ.

ఎనోస్ తల వెనక్కి వాల్చి, ఒక కన్ను మూసి, తెరచాపను కిందినుంచి పైదాకా చాలాసేపు చూసి, పైమూల దగ్గర కుట్టులో ఒక చిన్న ముడత ఉందని, దాన్ని విప్పి మళ్ళీ కుట్టేదాకా ఎక్కడికీ వెళ్ళడం కుదరదని చెప్పాడు.